మన ఊరి పేరు అచ్చులో

పేపరు మీరందరూ చూసే ఉంటారు. మిర్చీలు పొట్లం కట్టిచ్చే పేపరు. అల్మారాలో గిన్నెల కింద పరిచే పేపరు. ఇప్పుడు అక్షరాలు వచ్చాయి కాబట్టి అదే పేపరు వేరేగా కనబడుతుంది. కొత్తగా చదువు నేర్చినవాళ్లు పేపరు చేతికి రాగానే ఏం వెతుకుతారు? చాలామంది తమ ఊరి పేరు వెతుకుతారు.

శంషాబాద్ పేరు పేపర్లో తరచుగా కనబడుతుంది. విమానాశ్రయం ఉంది కదా. ఏ నాయకుడు దిగాడు, ఏ నటుడు ఎక్కాడు, ఎవరి పెట్టెలో బంగారం దొరికింది అని రాస్తారు. కానీ అది శంషాబాద్ మీదుగా పోయేవాళ్ల వార్త. శంషాబాద్‌లో ఉండేవాళ్ల వార్త కాదు. బోరు ఎండిపోతే, బడికి పంతులు రాకపోతే, తాతల నాటి భూమి పోతుందంటే, ఆ వార్త ఎక్కడ ఉంటుంది?

ఊరి వార్తను ఊరివాళ్ల భాషలో చెప్పే పేపరు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఎవరో కష్టపడి పెట్టారు. తెలంగాణలో ఆ కథ మొదలై నూరేళ్లు దాటింది. అది పట్నంలో మొదలైంది అనుకుంటారు చాలామంది. అసలు కథ ఒక పల్లెటూళ్లో ఉంది.

తెలుగు మాట్లాడితే నవ్వారు

అప్పుడు తెలంగాణ అంతా నిజాం రాజ్యంలో ఉండేది. జనంలో ఎక్కువమంది తెలుగు మాట్లాడేవాళ్లు. కానీ కచ్చేరిలో ఉర్దూ, బడిలో ఉర్దూ, పోలీసు ఠాణాలో ఉర్దూ. నూటికి అయిదుగురికి మించి చదువు రాని రోజులు. ఆడవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. కాగితం మీద ఏం రాశారో తెలియకుండానే రైతు వేలిముద్ర వేసేవాడు.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆడవాళ్ల చదువు కోసం జీవితమంతా పని చేసిన మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షుడు. వేరే భాషల్లో మాట్లాడినవాళ్ల మాట అందరూ విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయాడు. సభలో కొందరు నవ్వారు. అల్లరి చేసి ఆయన మాట సాగనివ్వలేదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రాజ్యంలో, తెలుగు మాట్లాడితే నవ్వులాట అయింది.

అక్కడున్న తెలుగువాళ్లకు కడుపు మండింది. ఆ రాత్రే పదకొండు మంది ఒకచోట కూడారు. ఆంధ్ర జనసంఘం అని ఒక సంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయాలు పెట్టాలి, తెలుగు పుస్తకాలు అచ్చు వేయాలి, ఊరూరా చదువు చెప్పాలి అనుకున్నారు.

ఏడాది తిరగక ముందే తెలంగాణలో రెండు తెలుగు వారపత్రికలు పుట్టాయి. రెంటికీ నాలుగు రోజులు కూడా తేడా లేదు. 1922 ఆగస్టు 24న నల్లగొండలో నీలగిరి పత్రిక వచ్చింది. షబ్నవీసు వెంకట రామ నరసింహారావు దాన్ని నడిపాడు. ఆగస్టు 27, ఆదివారం నాడు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చింది. అంతకు ముందు కూడా 1913లో పాలమూరు వైపు నుంచి హితబోధిని అనే మాసపత్రిక వచ్చింది. కానీ వారం వారం వార్తలు చెప్పే తెలుగు పేపరుకు దారి వేసినవి నీలగిరి, తెనుగు.

ఇనుగుర్తి అన్నదమ్ములు

ఇనుగుర్తి అప్పుడు వరంగల్ జిల్లాలో ఒక ఊరు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నల్లగొండ అయితే జిల్లా కేంద్రం. కచ్చేరీలు, వకీళ్లు, కాస్త చదువుకున్నవాళ్లు ఉండే చోటు. అక్కడ పేపరు పెట్టడం కష్టమే, కానీ ఊహకు అందుతుంది. ఇనుగుర్తి లాంటి పల్లెలో పేపరు పెట్టడం వేరే సంగతి.

పెట్టింది ఇద్దరు అన్నదమ్ములు. ఒద్దిరాజు సీతారామచంద్రరావు అన్న. ఒద్దిరాజు రాఘవరంగారావు తమ్ముడు. చాలా భాషలు నేర్చుకున్నారు. చదువుకున్నాం కదా అని చేతిపని మానలేదు. రకరకాల చేతిపనులు కూడా నేర్చుకున్నారు. పేపరు కోసం పట్నం అచ్చాఫీసు మీద ఆధారపడలేదు. తమ ఊళ్లోనే అచ్చు యంత్రం పెట్టారు. చుట్టూ పొలాలు, మధ్యన అచ్చు యంత్రం. ఆ రోజుల్లో అది వింతే.

ఆ పేపరు ఎంత కష్టంతో తయారయ్యేదో తెలియాలంటే పాతకాలం అచ్చాఫీసు సంగతి తెలియాలి.

ఇప్పుడు కంప్యూటరు మీద టైపు చేస్తే అచ్చు అయిపోతుంది. అప్పుడు ఒక్కొక్క అక్షరం సీసంతో పోసిన చిన్న ముక్క. ఒక గోడ పొడుగునా చెక్క పెట్టెలు. పెట్టె నిండా గళ్లు. ఒక గడిలో అన్నీ 'క'లు, ఒక గడిలో అన్నీ 'కా'లు, ఇంకో గడిలో అన్నీ 'కి'లు. ఒత్తులకు వేరే గళ్లు. తెలుగులో అక్షరాలు యాభై ఆరు అని నేర్చుకున్నాం. గుణింతాలు, ఒత్తులు కలిపితే అచ్చాఫీసుకు వందల రకాల ముక్కలు కావాలి. ఒత్తుల తిప్పలు కొత్తగా చదువు నేర్చినవాళ్లకే అనుకోవద్దు. అచ్చు కూర్చేవాళ్లకూ ఉండేవి.

ముక్క మీద అక్షరం తిరగేసి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. అచ్చు కూర్చే మనిషిని కంపోజిటరు అనేవాళ్లు. ఆయన ఎడమ చేతిలో చిన్న పట్టీ పట్టుకుని, కుడి చేత్తో ఒక్కొక్క అక్షరం ఏరి అందులో పేర్చేవాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ రావాలంటే అక్షరం లేని ముక్క పెట్టాలి. ఖాళీని కూడా చేత్తో పెట్టాల్సిందే. ఒక వరుస నిండితే ఇంకో వరుస. పేజీ నిండాక ఇనుప చట్రంలో బిగించి, సిరా పూసి, ఒక కాగితం మీద అచ్చు తీసేవాళ్లు. దాన్ని ప్రూఫు అంటారు. అందులో తప్పులు చూసి దిద్దాలి. ఆ తర్వాతే పేపరు అచ్చు.

అంతటితో పని అయిపోదు. చిన్న అచ్చాఫీసులో సీసం అక్షరాలు తక్కువగా ఉండేవి. అచ్చు అయ్యాక ప్రతి ముక్కనూ కడిగి, మళ్లీ ఏ గడిది ఆ గడిలో వేయాలి. అప్పుడే తర్వాతి వారం పేపరుకు అక్షరాలు ఉంటాయి. ఈ వారం 'వాన' అని అచ్చు వేసిన అక్షరాలతోనే వచ్చే వారం 'వానలు లేవు' అని వేయాలి.

తర్వాత కాగితాలు మడవాలి. చందాదారు పేరు రాయాలి. పోస్టులో వేయాలి. ఊళ్లో పేపరు అందుకునేది ఒక్కరే. కానీ ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. రచ్చకట్ట మీద మగవాళ్లు కూర్చుని వినేవాళ్లు. ఆడవాళ్లకు ఆ వార్త ఇంటికి వచ్చిన మగమనిషి చెబితేనే తెలిసేది. ఆయన సగం మరిచిపోయి, సగం మింగేసి చెబితే అంతే సంగతి.

నీలగిరి, తెనుగు రెండూ ఎక్కువ కాలం నడవలేదు. కొన్నేళ్లకే ఆగిపోయాయి. చిన్న పేపరు ఎందుకు ఆగిపోతుంది? లెక్క చూస్తే తెలుస్తుంది. కాగితం కొనాలి, సిరా కొనాలి, పనివాళ్లకు కూలి ఇవ్వాలి. ఇవి ప్రతి వారం ఉండే ఖర్చులు. చందా పైసలు మాత్రం ఏడాదికి ఒకసారి. అవి కూడా అడగగా అడగగా వస్తాయి. పెద్ద పేపర్లకు వ్యాపారుల ప్రకటనలు ఉంటాయి. పల్లె పేపరుకు ప్రకటన ఇచ్చేది ఎవరు? ఈ కష్టం నూరేళ్ల కింద ఉంది, ఇప్పుడూ ఉంది.

పట్నం నుంచి పల్లెకు

1926 మే 10న హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలైంది. దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయనది పాలమూరు జిల్లా. పేపర్లో ఏ వార్త వేయాలి, ఎలా రాయాలి అని చూసే మనిషిని సంపాదకుడు అంటారు. ప్రతాపరెడ్డి విషయంలో ఆ మాట చాలదు. రాయడం, తప్పులు దిద్దడం, పేపరుకు చుట్టే కాగితం మీద చిరునామా రాయడం, అన్నీ ఆయనే చేసేవాడని చెబుతారు. అప్పటి హైదరాబాదు కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డి ఆ పేపరుకు అండగా నిలిచాడు.

గోలకొండ పత్రిక మొదట వారానికి రెండుసార్లు వచ్చేది. అది పట్నం పేపరే. కానీ దాని చూపు పల్లెల మీద ఉండేది. 1934లో ఆ పేపరు తరఫున గోలకొండ కవుల సంచిక అనే పుస్తకం వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి పద్యాలు సేకరించాడు. 354 మంది కవుల పద్యాలు అచ్చు వేశాడు. లేరన్నవాళ్లకు అంతకంటే మంచి జవాబు ఏముంటుంది? 1947లో గోలకొండ రోజూ వచ్చే పేపరు అయింది.

హైదరాబాదు నుంచి పాలమూరు పోయే రైలు శంషాబాద్ పక్కన ఉందానగర్ స్టేషన్ మీదుగానే పోతుంది. రోడ్డు కూడా శంషాబాద్ మీదుగానే. పట్నం దగ్గర ఉండటంతో శంషాబాద్‌కు ఒక లాభం, ఒక నష్టం. పేపరు తొందరగా అందుతుంది. కానీ సొంతంగా పేపరు పుట్టదు. ఇనుగుర్తిలాగ పట్నానికి దూరంగా ఉన్న ఊరు తన గొంతు తానే వెతుక్కుంది. పట్నం నీడలో ఉన్న ఊరికి పట్నం వార్తే వార్త అయింది.

జిల్లా పేజీ

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. 1975లో హైదరాబాదు నుంచి కూడా వచ్చింది. 1989లో ఆ పేపరు ఒక కొత్త పని చేసింది. పెద్ద పేపరుతో పాటు ప్రతి జిల్లాకూ వేరుగా చిన్న పేపరు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మిగతా పేపర్లు కూడా అదే బాట పట్టాయి. రంగారెడ్డి జిల్లాకు రంగారెడ్డి వార్తలు, నెల్లూరుకు నెల్లూరు వార్తలు. మండలానికి ఒక విలేకరి వచ్చాడు. వార్తలు సేకరించి పంపే మనిషిని విలేకరి అంటారు. ఊరి బోరింగు చెడిపోయిందని, బస్సు రావడం లేదని పేపర్లో రావడం అప్పుడు మొదలైంది. అధికారులకు ఆ ముక్క చూపించి అడగడం కూడా అప్పుడే మొదలైంది.

ఊరి వార్త అచ్చు అయితే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల మొదట్లో అక్కడ ఆడవాళ్లు రాత్రిబడిలో చదువుకుంటున్నారు. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ వాళ్లలో ముందు నిలిచింది. ఆ సంగతి 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా చదువు పుస్తకంలోకి ఎక్కింది. వేరే ఊళ్ల ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. వాళ్లు చేస్తే మనం చేయలేమా అన్నారు. 1992లో ఒక ఊరి తర్వాత ఒక ఊరు కదిలింది. ఏ ఊళ్లో ఏం జరిగిందో పేపర్లు రాశాయి. ఈనాడు ఆ పోరాటం కోసం ఒక పేజీయే కేటాయించింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా అమ్మకం ఆగింది. ఆపింది పేపరు కాదు, ఆడవాళ్లు. కానీ ఒక ఊరి ధైర్యాన్ని ఇంకో ఊరికి మోసింది మాత్రం పాఠం, పేపరు.

జిల్లా పేజీలో ఒక చిక్కు కూడా ఉంది. రంగారెడ్డి పేజీలో వచ్చిన వార్త రంగారెడ్డి వాళ్లకే కనబడుతుంది. శంషాబాద్ గోస పక్క జిల్లాకు తెలియదు. ఊళ్లవాళ్లు 'మా సంగతి పేపర్లో వచ్చింది' అనుకుంటారు. పెద్ద సర్కారు అధికారి చదివే పేపర్లో అది ఉండనే ఉండదు.

ఇంకో సంగతి. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండేది కాదు. ఎన్ని వరుసలు అచ్చు అయితే అన్ని పైసలు. ఆ పైసలు ఇల్లు గడవడానికి చాలవు. పైగా ప్రకటనలు కూడా తెచ్చిపెట్టమనేవాళ్లు. ప్రకటన ఇచ్చిన మనిషి మీద వార్త రాయడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అందుకే పేపరు చదివేటప్పుడు, ఇది ఎవరు చెప్పిన మాట, రెండో పక్షం మాట ఉందా లేదా అని చూడాలి. అచ్చు అయిందంతా నిజం కాదు. కావాలని రాసింది ఉంటుంది, తెలియక రాసింది ఉంటుంది.

చిన్న అక్షరాల ప్రకటన

పేపర్లో అందరూ వదిలేసే భాగం ఒకటి ఉంది. లోపలి పేజీలో, చిన్న అక్షరాలతో, బొమ్మ లేకుండా ఉండే ప్రకటనలు. శంషాబాద్ వైపు ఊళ్లవాళ్లకు పేపరు మొత్తంలో ముఖ్యమైనవి అవే కావచ్చు.

విమానాశ్రయం కోసం దాదాపు 5,500 ఎకరాల భూమి తీసుకున్నారు. 2008 మార్చి 23 నుంచి విమానాలు దిగుతున్నాయి. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. బ్రిటిషు వాళ్ల కాలంలో చేసింది. 1984లో ఆ చట్టాన్ని కొంత మార్చారు. సర్కారు ఎవరి భూమి అయినా తీసుకోదలిస్తే, ఆ సంగతి గెజిట్‌లో వేయాలి. గెజిట్ అంటే సర్కారు పత్రిక. అది ఊళ్లలో ఎవరికీ అందదు. కాబట్టి ఆ ప్రాంతంలో నడిచే రెండు దినపత్రికల్లో కూడా వేయాలి. అందులో ఒక్కటైనా అక్కడి భాషలో ఉండాలి. ఊళ్లో కూడా తెలియజేయాలి. అప్పటి నుంచి 30 రోజుల్లోపు రైతు తన అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. అయితే చాలా తొందర పని అని సర్కారు తేల్చితే ఆ అవకాశం కూడా ఇవ్వకుండా పోవచ్చు.

అంటే ఊరి భాషలో పేపరు ఉండటం ఒక సరదా కాదు. చట్టమే దాని మీద ఆధారపడింది. పేపర్లో వేశాం కాబట్టి మీకు చెప్పినట్టే అని చట్టం అంటుంది. చదువు రాని మనిషికి, పేపరు తెప్పించుకోని మనిషికి అది చెప్పినట్టు ఎలా అవుతుంది? ఆ ప్రశ్న చట్టంలో లేదు.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలైంది. ఇందులో కూడా రెండు దినపత్రికల నియమం ఉంది. ప్రకటనను పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో, తాసిల్దారు ఆఫీసులో కూడా స్థానిక భాషలో పెట్టాలి. అభ్యంతరం చెప్పడానికి గడువు 60 రోజులు.

ఇలాంటి ప్రకటన చూస్తే బెదిరిపోవద్దు. మాటలు పెద్దవి, కానీ చూడాల్సినవి నాలుగే. జిల్లా, మండలం, గ్రామం పేర్లు పైన ఉంటాయి. కింద వరుసల్లో సర్వే నంబరు, దాని పక్కన ఎకరాలు, గుంటలు. పట్టాదారు పేరు. చివర అధికారి హోదా, తేదీ. ఇంట్లో పాసుపుస్తకం తీసి అందులోని సర్వే నంబరుతో పోల్చి చూడాలి. తేదీ మరవొద్దు, గడువు లెక్క దానితోనే.

ఇంకో రకం ప్రకటనలు వకీళ్లు ఇస్తారు. ఫలానా సర్వే నంబరు భూమిని మా మనిషి కొంటున్నారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఏడు రోజుల్లోనో పదిహేను రోజుల్లోనో చెప్పాలి అని ఉంటుంది. భూమి ధరలు పెరిగిన చోట ఇవి ఎక్కువ. అన్నదమ్ములు భూమి అమ్ముతున్నారని అత్తవారింట్లో ఉన్న ఆడబిడ్డకు ఇలాగే తెలియవచ్చు. 2005లో హిందూ వారసత్వ చట్టం మారాక, ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ సమానంగా వాటా ఉంది. ప్రకటనలోని గడువు దాటినంత మాత్రాన ఆ హక్కు పోదు. కానీ అమ్మకం జరగక ముందు అడ్డం చెప్పడం తేలిక. జరిగాక కోర్టు చుట్టూ తిరగాలి.

ఆడవాళ్లే విలేకరులు

ఇన్నేళ్లూ పేపరు ఎక్కువగా మగవాళ్లే రాసి, మగవాళ్లే అచ్చు వేసి, మగవాళ్లే చదివారు. 2001లో చిత్తూరు జిల్లాలో అది మారింది. పొదుపు సంఘాల్లో ఉన్న పేద ఆడవాళ్లు నవోదయం అనే పత్రిక మొదలుపెట్టారు. వెలుగు పథకం వాళ్లకు తోడు నిలిచింది. వార్త తెచ్చేది వాళ్లే, ఫోటో తీసేది వాళ్లే, రాసేది వాళ్లే. పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. బాల్య వివాహాలు, కూలి రేట్లు, తాగునీళ్లు, సంఘంలో అప్పుల లెక్కలు, ఇవి వాళ్ల వార్తలు. పెద్ద పేపర్లు వీటిని ఒక మూల రెండు వరుసల్లో వేస్తాయి. నవోదయంలో అవే ముందుండేవి.

మరుసటి ఏడాది, 2002లో, ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో పల్లె ఆడవాళ్లు ఖబర్ లహరియా అనే పేపరు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. తమ ఊళ్లలో మాట్లాడే బుందేలీ యాసలోనే రాశారు. 2009లో దానికి యునెస్కో అక్షరాస్యత బహుమతి ఇచ్చింది. ఆ పేపరు తర్వాత అచ్చు మానేసి ఫోన్లలోకి మారింది.

పేపరు పెట్టడం అందరికీ కుదరదు. పేపరుకు ఉత్తరం రాయడం కుదురుతుంది. ఒక పక్క మాత్రమే రాయాలి. ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఎంతమందికి ఇబ్బంది, ఎవరికి చెప్పుకున్నారు, వాళ్లు ఏమన్నారు, ఇంతవరకు రాస్తే చాలు. చూడని సంగతి చూసినట్టు రాయొద్దు. చివర పేరు, ఊరు, మండలం, జిల్లా, తేదీ రాయాలి. ఊరూ పేరూ లేని ఉత్తరం పేపర్లు అచ్చు వేయవు.